అండోరాకు కారులో: పిరెనీస్ పర్వతాల్లోని చిన్న దేశాన్ని చూసి రావడం ఎలా

ఫ్రాన్స్, స్పెయిన్ దేశాల మధ్య పిరెనీస్ పర్వతాల్లో ఉన్న అండోరా విస్తీర్ణం 468 చదరపు కిలోమీటర్లు మాత్రమే. ఆ దేశంలో విమానాశ్రయం లేదు, రైలు మార్గం లేదు. ఎవరు రావాలన్నా రోడ్డు మీదే రావాలి. స్పెయిన్ వైపు ఒకటి, ఫ్రాన్స్ వైపు ఒకటి, మొత్తం రెండే ప్రధాన ద్వారాలు. చాలామంది బార్సిలోనా నుంచి పొద్దున బయలుదేరి, రాజధానిలోని ఒక దుకాణాల వీధిలో తిరిగి, చౌకగా దొరికే పెర్ఫ్యూములు, సిగరెట్లు కొనుక్కుని సాయంత్రానికి వెనక్కి వెళ్లిపోతారు. అలా వెళ్లినవారికి అండోరా అంటే కొండల మధ్య ఉన్న ఒక పెద్ద బజారుగానే గుర్తుంటుంది. అది ఆ దేశానికి జరిగే అన్యాయమని నా గట్టి అభిప్రాయం. కనీసం రెండు రాత్రులు కేటాయించి, స్పెయిన్ వైపు నుంచి ప్రవేశించి ఫ్రాన్స్ వైపు నుంచి బయటికి వచ్చేలా ప్రయాణాన్ని అమర్చుకుంటేనే అక్కడి లోయలు, గ్రామాలు, కనుమలు మన కంటపడతాయి.

వీసాతో మొదలుపెట్టాలి. అండోరా తనకంటూ పర్యాటక వీసా ఇవ్వదు. అయితే అక్కడికి చేరాలంటే స్పెయిన్ లేదా ఫ్రాన్స్ భూభాగం దాటక తప్పదు కాబట్టి భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ వీసా, అంటే యూరప్‌లోని చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే వీసా, అవసరం. ఇక్కడ ఒక ముఖ్యమైన మెలిక ఉంది. అండోరా యూరోపియన్ యూనియన్‌లోనూ లేదు, షెంగెన్ ప్రాంతంలోనూ లేదు. అంటే స్పెయిన్ సరిహద్దు దాటి అండోరాలో అడుగుపెట్టగానే మీరు షెంగెన్ నుంచి బయటికి వెళ్లినట్టు లెక్క. తిరిగి వచ్చేటప్పుడు రెండోసారి ప్రవేశించినట్టు లెక్క. అందువల్ల దరఖాస్తులోనే ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశించే వీసా కావాలని అడగాలి, ప్రయాణ వివరాల్లో అండోరా బసను స్పష్టంగా రాయాలి. ఒక్కసారి ప్రవేశానికే వీసా వచ్చి ఉంటే అండోరా ఆలోచన మానుకోవడమే క్షేమం. సరిహద్దులో పాస్‌పోర్టు అడగని రోజులే ఎక్కువ కావచ్చు, కానీ అడిగిన రోజున మీ దగ్గర జవాబు ఉండదు. బ్రిటన్‌లోనో అమెరికాలోనో ఉద్యోగం చేస్తూ భారతీయ పాస్‌పోర్టుతో ప్రయాణించే తెలుగువారికీ ఇదే నియమం వర్తిస్తుంది. వారు తాము నివసించే దేశం నుంచే దరఖాస్తు చేసుకోవాలి. షెంగెన్ వీసా కోసం కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఎలాగూ తీసుకుంటారు. ఆ పాలసీలో అండోరా పేరు కూడా ఉందో లేదో ఒకసారి చదివి చూసుకోండి, ఎందుకంటే షెంగెన్ దేశాలకే పరిమితమైన పాలసీ అండోరా కొండల్లో కాలు విరిగితే అక్కరకు రాకపోవచ్చు.

ఇక డ్రైవింగ్ లైసెన్సు. మన దేశపు లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ వెంట ఉండాలి. దాన్ని బయలుదేరే ముందే రవాణా శాఖ కార్యాలయం నుంచి, అంటే మనందరం ఆర్టీఏ ఆఫీసు అనే చోటు నుంచి తీసుకోవాలి. విదేశానికి వెళ్లాక తీసుకోవడం కుదరదు. దరఖాస్తుకు చెల్లుబాటులో ఉన్న లైసెన్సు, పాస్‌పోర్టు ప్రతులు అడుగుతారు, వీసా ప్రతి కూడా అడగవచ్చు కాబట్టి వీసా చేతికి వచ్చిన వెంటనే ఈ పని పెట్టుకోవాలి. పర్మిట్ ఒక సంవత్సరం చెల్లుతుంది, అయితే అంతకు ముందే అసలు లైసెన్సు గడువు ముగిస్తే దానితో పాటే ఇదీ ముగుస్తుంది.

అద్దె కారు బుక్ చేసేటప్పుడు మూడు సంగతులు ముందే తేల్చుకోవాలి. మొదటిది, ఆ కారును అండోరాకు తీసుకెళ్లడానికి సంస్థ అనుమతిస్తుందా, అందుకు అదనంగా ఎంత తీసుకుంటుంది అన్నది. స్పెయిన్ నుంచి ఫ్రాన్స్‌కు అనుమతి ఉన్నంత మాత్రాన అండోరాకు కూడా ఉన్నట్టు అనుకోకూడదు. ఆ అనుమతి ఒప్పంద పత్రంలో రాసి ఉండాలి, కౌంటర్ దగ్గర నోటి మాట చాలదు. రెండోది గేరు. యూరప్‌లో మాన్యువల్ గేరు కార్లు ఇంకా చాలా వాడుకలో ఉన్నాయి. మనకు అలవాటైన దానికి విరుద్ధంగా స్టీరింగ్ ఎడమ వైపు, గేరు కుడి చేతికి, ప్రయాణం రోడ్డుకు కుడి పక్కన ఉంటుంది. ఇన్ని మార్పుల మధ్య కొండ మలుపుల్లో గేర్లు వెతుక్కోవడం కంటే కొంచెం ఎక్కువ ఇచ్చి ఆటోమేటిక్ తీసుకోవడమే నేను ఇచ్చే సలహా. మూడోది, కారును తీసుకున్న ఊళ్లోనే తిరిగి అప్పగించడం. బార్సిలోనాలో తీసుకుని ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో వదిలేస్తే దేశం మారినందుకు వేసే రుసుము చాలా ఎక్కువగా ఉంటుంది. అందుకే నేను కింద చెప్పే దారి బార్సిలోనాలో మొదలై అండోరా, ఫ్రాన్స్‌ల మీదుగా తిరిగి బార్సిలోనాకే చేరుతుంది. రాత్రంతా విమానంలో కూర్చుని దిగిన వెంటనే ఈ కారు ఎక్కవద్దు. ఒక రాత్రి నగరంలో నిద్రపోయి మర్నాడు ఉదయం బయలుదేరండి.

రోజు ఎంచుకోవడంలోనూ కొంత జాగ్రత్త కావాలి. శుక్రవారం సాయంత్రం బార్సిలోనా నుంచి కొండల వైపు, ఆదివారం సాయంత్రం కొండల నుంచి బార్సిలోనా వైపు వాహనాలు బారులు తీరతాయి. ఆగస్టు నెలలోనూ, స్పెయిన్‌లో వరుస సెలవులు వచ్చే డిసెంబరు మొదటి వారాంతంలోనూ రద్దీ మరీ ఎక్కువ. సోమవారం నుంచి గురువారం మధ్య వెళ్లగలిగితే హోటల్ గది కూడా చౌకగా దొరుకుతుంది. కారు ప్రయాణానికి జూన్ మధ్య నుంచి సెప్టెంబరు చివరి వరకు అనువైన కాలం. మేలో కూడా ఎత్తైన చోట్ల మంచు మిగిలి ఉంటుంది. చలికాలంలో స్కీయింగ్ కోసం వెళ్లేవారు మంచు టైర్లు ఉన్న కారునే అడగాలి, లేదా గొలుసులు వెంట ఉంచుకుని వాటిని చక్రాలకు ఎలా తొడగాలో ముందే నేర్చుకోవాలి. ఫ్రాన్స్ వైపు కొండ ప్రాంతాల్లో నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు ఈ రెంటిలో ఒకటి ఉండటం తప్పనిసరి.

బార్సిలోనా నుంచి అండోరా సుమారు 200 కిలోమీటర్లు, మధ్యలో ఆగకపోతే మూడు గంటల ప్రయాణం. వెళ్లేటప్పుడు ఏ-2 రహదారి మీద ఇగువలాదా, సెర్వేరా వైపు వెళ్లి, పోన్స్ దగ్గర సీ-14 రోడ్డు అందుకోవాలి. అక్కడి నుంచి ఒలియానా జలాశయం, ఆ తరువాత సెగ్రే నది కోసుకున్న ఇరుకు లోయలు వస్తాయి. సరిహద్దుకు పది కిలోమీటర్ల ముందు వచ్చే లా సెవు దుర్జెల్ పట్టణంలో కారు ఆపి కనీసం ఒక గంట నడవండి. అండోరా అనే దేశం ఎందుకు ఉందో అర్థం కావాలంటే ఈ ఊరు చూడాలి. 1278లో ఈ ఊరి బిషప్పుకూ, పర్వతాలకు ఉత్తరాన ఉన్న ఫువా ప్రభువుకూ మధ్య ఒక ఒప్పందం కుదిరి, అండోరా లోయలపై ఇద్దరికీ సమాన అధికారం ఏర్పడింది. ఫువా ప్రభువుల హక్కు కాలక్రమంలో ఫ్రెంచి రాజులకు, వారి నుంచి ఫ్రాన్స్ అధ్యక్షుడికి సంక్రమించింది. నేటికీ అండోరాకు ఇద్దరు సహ పాలకులు: ఉర్జెల్ బిషప్పు, ఫ్రాన్స్ అధ్యక్షుడు. 1993లో వచ్చిన రాజ్యాంగంతో అసలు పాలన ఎన్నికైన ప్రభుత్వానికి చేరినా, ఆ ఇద్దరి పదవులు మాత్రం అలాగే ఉన్నాయి. బిషప్పు పీఠమైన సాంతా మరియా కథీడ్రల్ 12వ శతాబ్దపు కట్టడం. లోపల ఉన్న రాతి స్తంభాల వసారాలో స్తంభాల తలలపై వేరువేరు చెక్కడాలు కనిపిస్తాయి.

ఈ పట్టణం దాటకముందే చేయవలసిన పని ఒకటుంది: ఫోన్‌లో డేటా రోమింగ్ ఆపివేయడం. యూరోపియన్ యూనియన్ రోమింగ్ నియమాలు అండోరాకు వర్తించవు. స్పెయిన్‌లో కొన్న సిమ్, యూరప్ మొత్తానికి అని చెప్పి అమ్మిన ఈ-సిమ్ కూడా అక్కడ పనిచేయకపోవచ్చు, పనిచేసినా బిల్లు గుండె గుభేలుమనేలా రావచ్చు. అండోరా మ్యాపును ముందుగానే ఫోన్‌లోకి దించుకుంటే దారికి ఇంటర్నెట్ అవసరం ఉండదు. మిగిలిన పనులకు హోటల్ వైఫై సరిపోతుంది. అత్యవసరానికి 112, పోలీసులకు 110 నంబర్లు గుర్తుంచుకోండి.

అండోరా రోడ్లను అర్థం చేసుకోవడం తేలిక. రెండు కొండ వాగులు రాజధాని పక్కనే ఉన్న ఎస్కాల్దెస్ దగ్గర కలిసి వలీరా నదిగా దక్షిణానికి ప్రవహిస్తాయి. పటంలో చూస్తే అది ఇంగ్లిషు 'వై' అక్షరంలా ఉంటుంది. కింది కాడ వెంట స్పెయిన్ నుంచి వచ్చే సీజీ-1 రోడ్డు, కుడి కొమ్మ వెంట ఫ్రాన్స్ వైపు వెళ్లే సీజీ-2, ఎడమ కొమ్మ వెంట లా మస్సానా, ఒర్దీనో మీదుగా అర్కలీస్ దాకా వెళ్లి అక్కడే ఆగిపోయే సీజీ-3. మీ సమయంలో ఎక్కువ భాగం ఆ రెండు కొమ్మలకు ఇవ్వండి. దుకాణాల వీధి కాడ మీద ఉంది. ఊళ్లలో వేగ పరిమితి గంటకు 50 కిలోమీటర్లు, బయట ఎక్కడా 90కి మించకూడదు. కూడలి వలయాల్లో అప్పటికే లోపల తిరుగుతున్న వాహనానికి దారి ఇవ్వాలి, మన దగ్గరిలా సందు చూసుకుని దూరితే ప్రమాదం. రాజధానిలో వీధి పక్కన చోటు కోసం వెతుక్కోకుండా ప్రభుత్వ పార్కింగ్ భవనాల్లోకి నేరుగా వెళ్లిపోవడం మేలు. ఎన్ని ఖాళీలు ఉన్నాయో దారిలోనే బోర్డుల మీద కనిపిస్తుంది.

1,023 మీటర్ల ఎత్తున ఉన్న అండోరా లా వెల్లా యూరప్ రాజధానులన్నిటిలోకీ ఎత్తైనది. అక్కడ తప్పక చూడవలసింది కాసా దె లా వాల్ అనే చిన్న రాతి ఇల్లు. 1580లో ఒక సంపన్న కుటుంబం కట్టుకున్న ఆ ఇంటిని 1702లో దేశ సభ కొనుక్కుంది. 2011లో పక్కనే కొత్త భవనం వచ్చేదాకా చట్టసభ అక్కడే కూర్చునేది. లోపల గోడలో ఏడు తాళాలున్న బీరువా ఒకటి ఉంది. దేశంలో ఏడు పారిష్‌లు, అంటే ఏడు స్థానిక పాలనా విభాగాలు. ఒక్కో విభాగం దగ్గర ఒక్కో తాళంచెవి ఉండేది. దేశపు ముఖ్య పత్రాలన్నీ అందులోనే దాచేవారు. ఏడుగురూ వచ్చి నిలబడితే తప్ప ఆ బీరువా తెరుచుకునేది కాదు. కొద్దిమంది జనం ఇరుకు లోయల్లో ఒకరినొకరు నమ్ముతూనే జాగ్రత్తపడుతూ ఇన్ని శతాబ్దాలు ఎలా బతికారో ఆ తలుపు ముందు నిలబడితే తెలుస్తుంది. లోపలికి గైడుతోనే పంపుతారు కాబట్టి సమయం ముందే బుక్ చేసుకోండి. పట్టణానికి ఆనుకునే ఉన్న సాంతా కొలోమాలో గుండ్రని గంటస్తంభం ఉన్న వెయ్యేళ్లనాటి చిన్న చర్చి ఉంది, అది కూడా దారిలోదే. ఎస్కాల్దెస్‌లో భూమి నుంచి సుమారు 70 డిగ్రీల వేడితో ఊటనీరు వస్తుంది. ఆ నీటితోనే 1994 నుంచి కాల్దేయా అనే పెద్ద స్నానశాల నడుస్తోంది. నడిచి అలసిన సాయంత్రం అక్కడికి వెళ్లడం బాగుంటుంది.

మర్నాడు పొద్దున్నే ఎడమ కొమ్మ పట్టండి. ఒర్దీనో పాత రాతి ఇళ్లతో, కిటికీల్లో పూలకుండీలతో ప్రశాంతంగా ఉండే గ్రామం. బస కూడా రాజధానిలో కాకుండా ఇక్కడో, లా మస్సానాలోనో చూసుకుంటే సాయంత్రాలు హాయిగా గడుస్తాయి. ఒర్దీనో దాటి అర్కలీస్ దాకా వెళ్లే రోడ్డు ఇరవై కిలోమీటర్లయినా ఉండదు, కానీ చివరి మలుపుల్లో చెట్లు ఆగిపోయి బండరాళ్లు, గడ్డి మైదానాలు మొదలవుతాయి. కారు అక్కడ ఆపి త్రిస్తైనా సరస్సుల దాకా నడవండి. మూడు సరస్సులు ఒకదాని పైన ఒకటి మెట్లుగా ఉంటాయి. మంచి పట్టున్న బూట్లు, పలుచటి వానకోటు ఉంటే చాలు. మధ్యాహ్నం తరువాత వేసవిలో పిడుగులతో వానలు పడే అవకాశం ఉంది కనుక ఒంటిగంటకల్లా దిగి రావడం మంచిది.

తిరిగి ఒర్దీనోకు వచ్చాక రాజధానికి దిగకుండా కోల్ దొర్దీనో అనే కనుమ మీదుగా కనీయో వైపు దాటండి. 'వై' అక్షరపు రెండు కొమ్మలనూ పైనే కలిపే ఈ రోడ్డు సుమారు 1,980 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. దేశమంతటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన దారి ఇదే. మలుపులు దగ్గర దగ్గరగా ఉంటాయి, సైకిళ్ల వాళ్లు ఎక్కుతూ ఎదురవుతారు, వేగం అవసరం లేదు. కనీయో వైపు దిగేటప్పుడు రోక్ దెల్ కేర్ వస్తుంది. కొండ అంచు నుంచి గాలిలోకి చొచ్చుకు వచ్చిన 20 మీటర్ల వంతెనలాంటి వేదిక అది. అందులో 12 మీటర్ల భాగం కింద నేల ఉండదు, అక్కడక్కడ అడుగున అద్దం ఉంటుంది. వేదిక చివర లోయలోకి కాళ్లు వేలాడేసి కూర్చున్న ఒక మనిషి శిల్పం, దానికి ఎదురుగా కింద కనీయో ఊరు, దాని వెనక వరసగా శిఖరాలు. 2022లో అదే ప్రాంతంలో 603 మీటర్ల పొడవైన వేలాడే కాలిబాట వంతెన కూడా తెరిచారు. దానికి సొంత కారులో వెళ్లలేం. కనీయోలో టికెట్టు తీసుకుని బస్సులో వెళ్లాలి.

కారు అసలే వెళ్లలేని చోటు మరొకటి ఉంది. మద్రియు-పెరఫీతా-క్లరోర్ లోయ దేశ విస్తీర్ణంలో దాదాపు పదో వంతు. 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అందులోకి రోడ్డు వేయలేదు. పశువుల కాపరులు నడిచిన రాతిబాటే నేటికీ దారి. మూడో రాత్రి ఉండగలిగినవారు ఒక పగలంతా దీనికే కేటాయించండి.

తిండి విషయంలో శాకాహారులు కొంత సిద్ధపడి వెళ్లాలి. స్థానిక వంటల్లో పంది మాంసం ఎక్కువ. క్యాబేజీ, బంగాళాదుంప కలిపి అట్టులా వేయించే త్రించత్ చూడ్డానికి శాకాహారంలా ఉంటుంది, కానీ పైన పంది మాంసపు ముక్క వేస్తారు. అది వద్దని ముందే చెప్పాలి. టమాటా రుద్దిన రొట్టె, కాల్చిన వంకాయ, క్యాప్సికం ముక్కలతో చేసే ఎస్కలీవాదా, మేక పాల చీజ్ సలాడ్ దాదాపు అన్నిచోట్లా దొరుకుతాయి. ఇంటి నుంచి పప్పుల పొడి, కందిపొడి, కూరగాయ పచ్చళ్లు సర్దుకోవచ్చు. నెయ్యి, పాలకోవా, కోడి వంటి మాంసపు పచ్చళ్లు మాత్రం పెట్టెలో పెట్టవద్దు. బయటి దేశాల నుంచి పాల, మాంస పదార్థాలను ప్రయాణికులు తీసుకురావడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. దొరికితే పారేయడమే కాదు, జరిమానా కూడా పడవచ్చు.

బయలుదేరే రోజున ముందు పెట్రోలు. అండోరాలో పన్నులు తక్కువ కాబట్టి ఫ్రాన్స్, స్పెయిన్‌ల కంటే ఇంధనం చౌక. సరిహద్దు బంకుల దగ్గర ఇరు దేశాల కార్లూ బారులు తీరి ఉంటాయి. బంకు దగ్గర పేర్లు జాగ్రత్తగా చూడాలి. 'గసోయిల్' అని రాసి ఉంటే అది డీజిల్. అమెరికాలో ఉండి వచ్చినవారు దాన్ని గ్యాసోలిన్ అనుకుని పెట్రోలు కారులో పోస్తే ఇంజను పాడవుతుంది. పేరు మీద అనుమానం ఉంటే గుర్తు చూడండి: గుండ్రటి గడిలో ఈ5 లేదా ఈ10 అని ఉంటే పెట్రోలు, చదరపు గడిలో బీ7 అని ఉంటే డీజిల్. కారు ట్యాంకు మూత లోపల కూడా ఇవే గుర్తులు ఉంటాయి. కొన్న సరుకులకూ పరిమితి ఉంది. పెద్దవారికి తలకు 300 సిగరెట్లు, లీటరున్నర గాఢమైన మద్యం, 900 యూరోల విలువైన పారిశ్రామిక వస్తువుల దాకా పన్ను లేకుండా తీసుకెళ్లవచ్చు. లోపలికి వచ్చేటప్పుడు ఎవరూ పట్టించుకోకపోయినా బయటికి వెళ్లేటప్పుడు కస్టమ్స్ వాళ్లు డిక్కీ తెరిపిస్తారు. కొన్నవాటి బిల్లులు చేతికి అందేలా పెట్టుకోండి.

కనీయో నుంచి సీజీ-2 మీద పైకి వెళితే ఎన్వలీరా దగ్గర రోడ్డు రెండుగా చీలుతుంది. కుడి, ఎడమ బోర్డులు చూసుకోండి: ఒకటి రుసుము కట్టి దాటే సొరంగం, మరొకటి 2,408 మీటర్ల ఎత్తున ఉన్న కనుమ. పిరెనీస్‌లో తారు రోడ్డు ఉన్న కనుమలన్నిటిలోకీ ఇదే ఎత్తైనది. మంచు, దట్టమైన పొగమంచు లేని రోజున సొరంగం జోలికి వెళ్లకండి. కనుమ మీదుగానే వెళ్లండి. తిరుమల ఘాట్ రోడ్డులో ఎక్కడానికి ఒకటి, దిగడానికి ఒకటి వేరువేరు దారులున్నట్టు ఇక్కడ ఉండవు. ఒకే రోడ్డు మీద లారీలూ ఎదురవుతాయి, కాబట్టి మలుపులో మీ గీత దాటవద్దు. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచకుండా తక్కువ గేరులో దిగాలి. ఆటోమేటిక్ కారులో కూడా గేరును చేత్తో తగ్గించుకునే వీలు ఉంటుంది. అవతల పాస్ దె లా కాసా అనే సరిహద్దు ఊరు వస్తుంది. అంత అందమైన కొండల మధ్య దుకాణాల పెట్టెలు పేర్చినట్టుండే ఆ ఊళ్లో ఆగవలసిన పనిలేదు.

సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లోకి దిగాక, కొన్ని కిలోమీటర్లలో దారి చీలుతుంది. టూలూజ్ వెళ్లవలసినవారు ఉత్తరానికి దిగి ఆక్స్-లె-తెర్మ్ లో ఆగవచ్చు. ఊరి నడిబొడ్డున వేడి ఊటనీటి తొట్టి ఉంది, ఎవరైనా ఉచితంగా కాళ్లు పెట్టుకుని కూర్చోవచ్చు. ఇంకా కిందికి వెళితే ఫువా కోట వస్తుంది, 1278 ఒప్పందంలోని రెండో ప్రభువు ఇల్లు అదే. బార్సిలోనాకు తిరిగి వచ్చేవారు మాత్రం దక్షిణంగా పుయిమొరాన్స్ కనుమ ఎక్కి దిగి, బూర్గ్-మదామ్ మీదుగా స్పెయిన్‌లోని పుచ్చెర్దా చేరాలి. దాని పక్కనే ఉన్న యీవియా స్పెయిన్‌కు చెందిన ఊరే, కానీ చుట్టూ ఉన్న భూమి అంతా ఫ్రాన్స్‌ది. 1659 నాటి పిరెనీస్ సంధి తరువాత ఈ ప్రాంతపు గ్రామాలు ఫ్రాన్స్‌కు వెళ్లినప్పుడు, యీవియా గ్రామం కాదు పట్టణం అన్న కారణంతో స్పెయిన్‌లోనే ఉండిపోయింది. మధ్యాహ్న భోజనానికి అక్కడ ఆగండి. ఆ తరువాత కాదీ సొరంగం, బెర్గా, మన్రేసా మీదుగా సీ-16 రోడ్డు నేరుగా బార్సిలోనాకు దింపుతుంది. ఆ దారిలో రుసుము గేట్లు ఉన్నాయి కాబట్టి కార్డు అందుబాటులో ఉంచుకోండి. ఆదివారమే తిరిగి రావలసి వస్తే మధ్యాహ్నం రెండు గంటలలోపు సొరంగం దాటేలా బయలుదేరండి.